పిచ్చిమొక్క చేసిన పని, నేను చేసిన పని

నా మొహానికి వచ్చిన జబ్బు దేనివల్ల వచ్చిందో నాకు 2000 సంవత్సరం ఆగస్టులో తెలిసింది. మా ఊరివాళ్ళకు తెలిసింది 2002 ఫిబ్రవరిలో. మధ్యలో ఏడాదిన్నర. ఆ ఏడాదిన్నరలో ఏ రోజు నోరు విప్పినా సరిపోయేది. విప్పలేదు. దానివల్ల నాకు ఏ నష్టమూ కలగలేదు. నష్టపోయిన మనిషి పేరు మార్తమ్మ.

పేరు రాయవచ్చా అని ఆమెనే అడిగాను. "అప్పుడు పేరు పెట్టే అన్నారుగా. ఇప్పుడూ పేరు పెట్టే రాయండి" అంది. అందుకని రాస్తున్నాను.

ఇప్పుడు నా ఒంటికి ఫర్వాలేదు. ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు, జాగ్రత్తగా ఉంటే ఊరుకుంటుంది. ఎండకూ గాలికీ మొహం మండిపోతూ, తనకేమైందో తెలియక అద్దం తిప్పిపెట్టుకున్న రైతు ఇంకెవరైనా ఉంటే, అతనికి ఇది పనికి రావచ్చు. ఆ భయంలో పక్కవాళ్ళ మీద వేలు చూపించబోయేవాడికి ఇంకా పనికి రావచ్చు.

1999, పత్తి తీతలు

మాది దర్శికీ పొదిలికీ మధ్య ఒక మెట్ట ఊరు. పత్తి, మిరప, వాన బాగుంటే కంది. ఆ ఏడు పత్తికి కాయతొలిచే పురుగు విపరీతంగా పడింది. వారం తిరక్కుండా మందు కొడుతూనే ఉన్నాం. కార్తీకంలో తీతలు మొదలయ్యేసరికి నా కనురెప్పల మీద సన్నగా దురద మొదలైంది. పది రోజుల్లో మెడ చుట్టూ, కాలరు ఆనేచోటుకు పాకింది. తర్వాత మోచేతుల మడతల్లోకి. చొక్కా కప్పిన వీపూ పొట్టా మాత్రం శుభ్రంగా ఉన్నాయి. అది పెద్ద ఆనవాలని తర్వాత ఒక డాక్టరమ్మ చెప్పింది. అప్పుడు నాకు తోచలేదు. పురుగుమందు పడలేదనుకున్నాను. ఊళ్ళో ఆరెంపీ సూది వేశాడు. మూడు రోజులు చల్లగా ఉంది, నాలుగోరోజు రెట్టింపైంది.

ఎండా గాలీ తగలకుండా తలకూ మొహానికీ తువ్వాలు చుట్టుకోవడం మొదలుపెట్టాను. నాకు తెలిసిన జాగ్రత్త అదొక్కటే. సాయంత్రం బోరు దగ్గర ఆ తువ్వాలు జాడించి, గట్టు మీద నడుమెత్తు పెరిగిన మొక్కల మీద ఆరేసేవాణ్ణి. చేలో దండేలు ఎవరు కడతారు? ఏ మొక్క అందుబాటులో ఉంటే అదే దండెం. సన్నగా చీలిన ఆకులు, బియ్యపు నూకల్లాంటి తెల్లపూలు. గొడ్లు మూతి పెట్టవు. దానికి మా ఊళ్ళో ఒక పేరంటూ లేదు, పిచ్చిమొక్క అనేవాళ్ళం.

మార్తమ్మ మా చేలో పనిచేసే ఆడవాళ్ళ ముఠాకు పెద్ద. పదిహేనుమంది వచ్చేవాళ్ళు. ఎవరు ఏ సాలు పట్టాలో, ఎవరికి ఒంట్లో బాగాలేదో, ఎవరు పసిబిడ్డను చెట్టుకింద పడుకోబెట్టి వచ్చారో అన్నీ ఆమె చూసుకునేది. మనిషి నాకన్నా పదేళ్ళు పెద్ద. భర్త పోయాడు. ఆదివారం చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటే మా వీధి దాకా వినపడేది. పత్తికాయ తొడిమలు గీసుకోకుండా, మిరప ఘాటు అంటకుండా ఆడవాళ్ళందరూ చీర మీద మగవాళ్ళ పాత చొక్కాలు వేసుకుని వస్తారు. ఆమె భర్తది ఒక నీలం ఫుల్‌హ్యాండ్ చొక్కా, మణికట్టు దాకా బొత్తాలు పెట్టుకునేది.

ఒకరోజు ఆమె నా తువ్వాలు చూసి ఆగింది.

"అయ్యా, ఆ మొక్క మీద బట్టలు ఆరెయ్యబాకండి. అది మంచిది కాదు. పీకేటప్పుడు చేతులకి గుడ్డ చుట్టుకోకపోతే మా పిల్లలకి దద్దుర్లొస్తయ్."

"మీకొస్తే నాకూ రావాలనేముంది?" అన్నాను నవ్వుతూ.

"సరే, మీ ఇష్టం. చెప్పానని గుర్తుపెట్టుకోండి" అని సాలులోకి వెళ్ళిపోయింది.

2000, మిరప కల్లం

మాఘమాసానికి పత్తి అయిపోయి మిరపకాయ కల్లానికి వచ్చింది. కల్లం కోసం అరెకరం మేర ఎండిన పిచ్చిమొక్కలు పీకించి, మేకలు రాకుండా చుట్టూ కంపలా వేయించాను. పొద్దున గాలి లేచిందంటే ఆ ఎండుపొడి అంతా కల్లం మీదికే. నేను పొద్దస్తమానం అందులోనే కూర్చునేవాణ్ణి, తువ్వాలు చుట్టుకుని.

మొహం ఎర్రబడటం పోయి నల్లబడింది. తోలు మందమైంది. నుదురు మడతలు పడింది. చెవి తమ్మెలు ఉబ్బి వేలాడాయి. చలికాలపు పొడిగాలికి పెదవుల పక్కన చర్మం చిట్లి, నవ్వితే రక్తం వచ్చేది.

పక్కచేను ఆంజనేయులు నాతోపాటు బడికి వెళ్ళినవాడు. కల్లానికి వచ్చి, "ఒరేయ్ కోటీ, కాయలు నేలమీద ఆరబోస్తారుగానీ మొహం మీద ఆరబోసుకుంటారట్రా?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. వారం తర్వాత వచ్చినప్పుడు వాడు ఎగతాళి చేయలేదు. మంచం మీద నా పక్కన కూర్చునేవాడు, ఆ రోజు నీడ బాగుందంటూ దూరంగా గట్టు మీద కూర్చున్నాడు. గడ్డం గీసే వెంకటస్వామి నా మొహం చూసి, "కత్తి సానబెట్టలేదండీ, రేపొస్తా" అన్నాడు. ఆ రేపు రాలేదు. నా గడ్డం పెరిగిపోయింది.

నా భార్య సుశీల ఒకరోజు అన్నం పెడుతూ, "చెవులెందుకట్లా లావెక్కినయ్యండీ?" అంది. ఇద్దరం ఒకే సంగతి అనుకుంటున్నామని ఇద్దరికీ తెలుసు. మా వైపు కుష్ఠు అన్న పేరు ఎవరూ పలకరు. 'పెద్దరోగం' అంటారు, అదీ గొంతు తగ్గించి.

తాలుకాయలు ఏరుతున్న రోజు అది. తెల్లబారిన కాయల్ని ఎర్రకాయల్లోంచి తీసేయడం కంటికి పని. ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. ఆంజనేయులు ఉన్నాడు, కాయ చూసుకుపోదామని వచ్చిన వేరే ఊరి రైతులిద్దరున్నారు. మధ్యాహ్నం అన్నాలకు లేచినప్పుడు మార్తమ్మ చేతులు కడుక్కోవడానికి నీలం చొక్కా చేతులు పైకి మడిచింది. ముంజేతి మీద అరచేయంత పాలిపోయిన మచ్చ. ఆ చేతి చిటికెనవేలు కొంచెం వంగి ఉంది. ఇన్నేళ్ళలో నేను ఆమె ముంజెయ్యి చూడటం అదే మొదలు.

"ఏంటది?" అన్నాను.

ఆమె చొక్కా దించేసింది. దగ్గరికి వచ్చి మెల్లగా, "పాతదయ్యా. ఏడాదిపాటు మాత్రలు మింగా. తగ్గిపోయిందని కాయితం కూడా ఇచ్చారు. గట్టిగా అనబాకండి, ఆడపిల్లలున్నారు" అంది.

నేను గట్టిగా అన్నాను. ఎంత గట్టిగా అంటే, రెండో చివర కూర్చున్నవాళ్ళు కూడా తలెత్తేటంత గట్టిగా.

"నా మొహానికి ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందా అని మూడు నెలల్నుంచి చస్తున్నా! నీ దగ్గర్నుంచా అంటింది? పెద్దరోగం పెట్టుకుని నా కల్లంలో కూర్చున్నావా?"

మార్తమ్మ పక్కన కూర్చునే అమ్మాయి తన అన్నం గిన్నె తీసుకుని అవతలికి జరిగింది. తర్వాత ఇంకొకామె జరిగింది.

"దేవుడు చూస్తున్నాడయ్యా. మీకది నా దగ్గర్నుంచి రాలా" అంది మార్తమ్మ. ఒళ్ళో ఉన్న తాలుకాయలు దులిపి, అన్నం గిన్నె కూడా తెరవకుండా వెళ్ళిపోయింది.

ఆ మాట ఎందుకన్నానో చాలాసార్లు ఆలోచించాను. అందరి చూపూ నా మొహం మీద ఉంది. అది ఇంకొకరి మీదికి పోవాలని కోరుకున్నాను, పోయింది. ఆ నిమిషంలో నాకు ప్రాణం తెరిపిన పడింది. ఆ సంగతి దాచను.

మర్నాటి నుంచి ఆమెను ఎవరూ పనికి పిలవలేదు. మొదట నేను పిలవలేదు, తర్వాత ఊరు పిలవలేదు. పిలుద్దామనుకున్న ఒకరిద్దరితో, "ఆమె వస్తే మేం రాం" అని ముఠాలోవాళ్ళే చెప్పారు.

ఆ వేసవి

ఏప్రిల్ ఎండకు నా మొహం తట్టుకోలేకపోయింది. గడప దాటితే నిప్పుల దగ్గర కూర్చున్నట్టు. కిటికీలకు తడిపిన గోనెలు కట్టి చీకటిగదిలో పడుకున్నాను. పడమటిగాలి ఆ గోనెల్ని అరగంటలో ఆరబెట్టేసేది, సుశీల మళ్ళీ తడిపేది. ఏడేళ్ళ మా అమ్మాయి లావణ్య గడప అవతల కూర్చుని తెలుగు వాచకం పైకి చదివేది. లోపలికి రానిచ్చేవాళ్ళం కాదు. ఎందుకని అది అడగలేదు. అడగనందుకే నాకు ఎక్కువ బాధయ్యేది.

దర్శిలో ఒక ఆరోగ్య కార్యకర్త నన్ను బల్లమీద కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమంది. "దూదితో ముట్టుకుంటా. తగిలినప్పుడల్లా చెప్పండి."

"తగిలింది" అన్నాను.

"నేనింకా ముట్టుకోలేదండీ."

ఆమె నవ్వలేదు. చాలామందిని అలా చూసిందనుకుంటాను. మళ్ళీ మొదలుపెట్టి, మొహం మీదా చెవుల మీదా చేతుల మీదా దూదితో, తర్వాత గుండుసూదితో చూసింది. అన్నిచోట్లా తెలుస్తూనే ఉంది. చెవి తమ్మె నుంచి చిన్న గాటుతో నీరు తీసి పరీక్షకు పంపింది. ఫలితం రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ నేను గిచ్చుకుని గిచ్చుకుని చూసుకున్నాను, ఎక్కడైనా తెలియకుండా పోతోందేమోనని. చేతులంతా కమిలిపోయాయి.

ఆ రోగం కాదని కాగితం వచ్చింది. కనీసం ఆ రోజైనా మార్తమ్మ ఇంటికి వెళ్ళవలసింది. పరీక్ష తప్పేమో, ఇంకోచోట చూపించుకుందాం అనుకున్నాను. నమ్మకపోవడం నాకు అవసరమైంది.

ఒంగోలులో ఒక డాక్టరుగారు పురుగుమందు ప్రభావమే అయ్యుంటుందని పూతమందు ఇచ్చారు. పూసినన్నాళ్ళు తగ్గడం, మానేస్తే తిరిగి రావడం. ఆ రోజుల్లోనే సుశీల నా కంచం, నా గ్లాసు విడిగా పెట్టింది. చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

"నువ్వు కూడానా? కాదని కాగితం చూశావుగా!"

"చూశాను. మీరే నమ్మడం లేదుగా, నన్నెట్లా నమ్మమంటారు? పిల్లదాని కోసం పెట్టా."

"ఊరోళ్ళకీ నీకూ తేడా ఏముంది?"

"ఏం లేదు. కల్లంలో మార్తమ్మని మీరన్న మాటతో ఊరంతా నేర్చుకుంది. నేనూ నేర్చుకున్నా."

ఆ రాత్రి ఆ కంచంలోనే తిన్నాను.

2000 ఆగస్టు, గుంటూరు

తొలకరి పడి నేల చల్లబడితే తగ్గుతుందని ఆశపడ్డాను. వానలు పడ్డాయి, గట్లమీద పిచ్చిమొక్కలు పచ్చగా లేచాయి, నా కళ్ళు వాచి మూసుకుపోయాయి. ఎవరో చెబితే గుంటూరులో చర్మవ్యాధులు చూసే ఒక డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరాం. బస్సులో మనుషులు నిలబడి ఉన్నారు, నా పక్కసీటు ఖాళీగా ఉంది. సుశీల ఆడవాళ్ళ సీట్లోంచి లేచి వచ్చి అందులో కూర్చుంది. కంచం సంగతి అక్కడితో పోయింది.

డాక్టరమ్మ గది బయట బల్లల మీద నలభైమంది ఉన్నారు. చర్మం జబ్బులవాళ్ళు ఒకరినొకరు చూసుకునే తీరు వేరు. నాకన్నా ఎక్కువ ఉందా తక్కువ ఉందా అని చూస్తారు. పల్నాడు వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన నా పక్కన చోటు చూసుకుని కూర్చున్నాడు. ఆయన కాళ్ళు పుళ్ళు పడి ఉన్నాయి. సంచిలోంచి బత్తాయి తీసి వలిచి, నా చెయ్యి లాగి అందులో నాలుగు తొనలు పెట్టాడు.

"తిను అబ్బాయ్. మన నంబరు వచ్చేసరికి సాయంత్రమవుద్ది."

ఇంట్లోవాళ్ళూ వైద్యం చేసేవాళ్ళూ కానివాళ్ళు నన్ను ముట్టుకుని ఆరునెలలైంది. తొనలు నోట్లో పెట్టుకుని చాలాసేపు నమల్లేకపోయాను.

లోపల డాక్టరమ్మ దీపం కింద నా రెప్పలు, మెడ, మోచేతులు చూసింది. చొక్కా విప్పించి వీపు చూసింది. "బట్ట కప్పినచోట ఏమీ లేదు చూశారా?" అంది. తర్వాత, "పొలంలో వయ్యారిభామ ఉందా?" అని అడిగింది.

నేను తెల్లబోయాను. సుశీల నావైపు తిరిగింది.

"ఎవరండీ?" అంది.

తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు పకపకా నవ్వారు. డాక్టరమ్మ కూడా నవ్వు ఆపుకోలేక, సొరుగులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో ఎండిన కొమ్మ. చీలిన ఆకులు, నూకల్లాంటి పూలు.

"ఇదమ్మా వయ్యారిభామ. మీ ఊళ్ళో ఏమంటారు?"

"పిచ్చిమొక్క" అన్నాను.

నాకు ఏది పడటం లేదో తేల్చడానికి వీపు మీద వరసగా రకరకాల పదార్థాల బిళ్ళలు అంటించి ప్లాస్టరు వేసింది. రెండు రోజులు తడపకూడదు, చెమట పట్టనివ్వకూడదు. ఆగస్టు ఉక్కలో ఒక సత్రంలో బోర్లా పడుకుని, సుశీల విసురుతూ ఉంటే ఆ రెండు రోజులు గడిపాను. ప్లాస్టరు కింద ఒకచోట దురద మొదలైంది. అది ఏ బిళ్ళో తెలియదు. మొక్క అయితే బతికాను. మొక్క కాకపోతే మళ్ళీ ఆ పెద్ద మాట. ఇంకోవైపు, మొక్కే అయితే మార్తమ్మ. అది కూడా ఆ బోర్లా పడకలోనే తట్టింది. తట్టిన వెంటనే పక్కకు నెట్టేశాను.

మూడోరోజు ప్లాస్టరు విప్పి డాక్టరమ్మ ఒకచోట వేలు పెట్టింది. రూపాయి బిళ్ళంత పొంగింది.

"ఇదేనండీ. మొక్క పుప్పొడి, ఎండినాక పొడి, గాలిలో వచ్చి మొహం మీద పడుతుంది. ఎండ దానికి తోడవుతుంది. తువ్వాలు ఎక్కడ ఆరేస్తారు?"

చెప్పాను. ఆమె కళ్ళద్దాలు తీసి నావైపు చూసింది.

"అంటే రోజూ దాన్ని మొహానికి చుట్టుకున్నారన్నమాట. ఇంకోమాట. ఇది మనిషి నుంచి మనిషికి అంటదు. ఎప్పటికీ అంటదు. ఊళ్ళో ఎవరైనా భయపడుతుంటే ధైర్యంగా చెప్పండి."

బయటికి వచ్చి బస్సు కోసం నిలబడ్డప్పుడు సుశీల, "మార్తమ్మకి చెప్పాలండీ" అంది.

"చెబుదాంలే" అన్నాను.

2001

ఆ ఏడాదంతా ఒంటిని కాపాడుకోవడం నేర్చుకున్నాను. నాకు పనిచేసినవి చెబుతాను. మందులు డాక్టరు చెప్పినట్టే వాడాలి, ఒకరికిచ్చిన పూతమందు ఇంకొకరు పూసుకోకూడదు.

వానాకాలంలో మొక్క పూత పట్టకముందే పీకించాలి. పీకేవాళ్ళు చేతులకూ మొహానికీ గుడ్డ కట్టుకోవాలి. మనకు పడనప్పుడు మనం ఆ దరిదాపులకు పోకూడదు. చలికాలం, ముఖ్యంగా కల్లం రోజుల్లో, గాలి లేవకముందే పని చూసుకుని రావాలి. స్నానం చేసిన వెంటనే తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె రాస్తే పొడిగాలికి చర్మం చిట్లదు. వేసవిలో పొద్దెక్కాక బయట పని పెట్టుకోకుండా ఉంటే మంచిది, తప్పకపోతే చేతుల నిండా చొక్కా, వెడల్పు టోపీ. ఏ కాలమైనా చేలోంచి రాగానే మొహం చల్లటి నీళ్ళతో కడుక్కుని ఆ బట్టలు మార్చాలి. బట్టలు ఇంటి దండెం మీదే ఆరాలి. ఇంతే. ఇందులో పెద్ద విద్య ఏమీ లేదు. ఇవన్నీ చేశాక ఎనిమిది నెలలకు నా నుదుటి మడతలు పల్చబడ్డాయి. వెంకటస్వామి కత్తి సానబెట్టుకుని వచ్చాడు. ఆంజనేయులు మళ్ళీ మంచం మీద కూర్చున్నాడు.

"ఏరా, ఏమన్నారు గుంటూర్లో?" అని అడిగాడు వాడు.

"చర్మం సంగతిరా. మందులిచ్చారు."

"అంటింది తగ్గిందా మొత్తానికి?"

"ఆఁ" అన్నాను.

ఆ 'ఆఁ' ఒక్కసారి అన్నది కాదు. పదిమంది అడిగితే పదిసార్లు అన్నాను. గట్టు మీద మొక్కలు ఎందుకు పీకిస్తున్నావంటే పాములన్నాను. నిజం చెబితే, మరి ఆమెనెందుకన్నావని అడుగుతారు. నా మొహం బాగుపడుతున్నకొద్దీ చెప్పడం కష్టమైంది. సుశీల మూడుసార్లు గుర్తుచేసింది. నాలుగోసారి చేయలేదు. నేను ఇంట్లో ఉన్నప్పుడు మార్తమ్మ పేరే ఎత్తడం మానేసింది.

చుట్టుపక్కల ఊళ్ళలో పని దొరక్క మార్తమ్మ తారురోడ్డు పనికి పోతోందని విన్నాను. విని, పనైతే దొరికిందిగా అనుకున్నాను.

2002 ఫిబ్రవరి

మందు తెచ్చుకోవడానికి దర్శి ఆసుపత్రికి వెళ్ళాను. కట్లు కట్టే గది ముందు వరసలో మార్తమ్మ కూర్చుని ఉంది. సగానికి సగమైంది. కుడిచేతికి వేళ్ళ నుంచి మణికట్టు దాకా కట్టు. పక్కనుంచి వెళ్ళిపోవచ్చు, ఆమె నన్ను చూడలేదు. నాలుగడుగులు వేశాను కూడా. వెనక్కి వచ్చాను.

"చేతికేమైంది మార్తమ్మా?"

ఆమె తలెత్తి నా మొహమంతా పరీక్షగా చూసింది. "బాగైందే మీకు" అంది. తర్వాత చేతివంక చూసుకుని, "తారు బాల్చీ పట్టుకున్నా. పాత జబ్బు చెయ్యిది, వేళ్ళకి వేడి తెలవదు. వాసనొస్తే అప్పుడు చూసుకున్నా" అంది.

మిరపకాయలు ఏరే చేతికి వేడి తెలియకపోయినా ఏమీ కాదు. ఆమెను తారు బాల్చీ దాకా పంపింది నేను.

"నీకొక మాట చెప్పాలి. నాకొచ్చింది ఆ పిచ్చిమొక్క వల్ల. గుంటూరులో పరీక్ష చేసి చెప్పారు."

"నేను చెప్పలా? సరే. ఎప్పుడు చెప్పారు గుంటూరులో?"

"కొన్నాళ్ళయింది."

"కొన్నాళ్ళంటే? మొన్నా? పండక్కా? నిరుడా?"

నేను నేల చూశాను. ఆమెకు అర్థమైంది. లోపల్నుంచి నర్సు ఆమె పేరు పిలిచింది. లేస్తూ అంది:

"ఇదంతా నాకెందుకు చెబుతున్నారయ్యా? నా దగ్గర్నుంచి రాలేదని నాకు మొదటిరోజే తెలుసు. తెలవనోళ్ళకి చెప్పండి. ఎవరి ముందు అన్నారో వాళ్ళ ముందు చెప్పండి. అప్పుడు నాకు చెప్పినట్టు."

ఇంటికి వచ్చి సుశీలతో చెప్పాను. "ఎల్లుండి తాలుకాయలు ఏరడానికి అందరూ వస్తారు. ఆంజనేయులన్నయ్యని నేను పిలుస్తా. మార్తమ్మకీ నేనే కబురు చేస్తా" అంది. నాకు తప్పుకునే దారి లేకుండా చేసింది. అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

ఆ పొద్దున కల్లంలో అదే వరస. పదమూడుమంది పాతవాళ్ళే. ఆంజనేయులు మంచం మీద ఉన్నాడు. మార్తమ్మ కల్లం అంచున నిలబడింది, లోపలికి రాలేదు. ఆమెను చూడగానే ఏరుతున్న చేతులు ఆగాయి. సుశీల వెళ్ళి ఆమె పక్కన నిలబడింది.

నేను లేచాను. ముందురోజంతా అనుకున్న మాటలు ఒక్కటీ లేవు.

"మీ అందరికీ ఒక సంగతి చెప్పాలి. నా మొహానికి వచ్చింది ఆ పిచ్చిమొక్క వల్లనట. మార్తమ్మ దగ్గర్నుంచి అంటలేదట. అసలది అంటుకునే జబ్బే కాదట."

ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆంజనేయులు ఏదో అనబోయాడు. అంతలో అంచు మీది నుంచి మార్తమ్మ గొంతు వినపడింది. చర్చిలో పాట ఎత్తుకునే గొంతే అది.

"ఆ 'ట' ఏంటయ్యా? కాదట, అంటలేదట! ఎవరో దారినపోయేవాడు మీ చెవిలో చెప్పిపోయినట్టు. నన్ను అన్న రోజున 'ట' అనలేదే? మీకు తెలుసా, తెలవదా? తెలిస్తే ఎప్పట్నుంచి తెలుసు?"

ఆంజనేయులు నావైపు తిరిగాడు. "ఒరేయ్ కోటీ, ఎప్పట్నుంచిరా?" అన్నాడు. అందరూ నా నోటివంకే చూస్తున్నారు. అప్పట్లో నా చర్మాన్ని చూసిన చూపు కాదది. దాన్ని వేరేవాళ్ళ మీదికి తిప్పడానికి నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు. కల్లం దాటి ఆమె దగ్గరికి వెళ్ళి, అందరికీ వినపడేటట్టు చెప్పాను:

"అంటలేదు. మార్తమ్మ దగ్గర్నుంచి నాకేమీ అంటలేదు. అది నాకు ఏడాదిన్నర నుంచి తెలుసు. డాక్టరమ్మ అందరికీ చెప్పమన్నా చెప్పలేదు. మీరడిగితే అంటిందనే అన్నాను. నీ పని పోయింది నా మాట వల్ల, నీ చెయ్యి కాలింది నేను నోరు మూసుకున్నందువల్ల. తప్పు నాది, మార్తమ్మా. నన్ను క్షమించు."